చౌక కాలంలో గిటార్లు: క్యాండిల్‌మాస్ ‘ద డోర్ టు డూమ్’ ఎలా వినాలి

మా మేనకోడలు తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో గాత్రం నేర్చుకుంటోంది. ఒకరోజు నా హెడ్‌ఫోన్ లాక్కుని రెండు నిమిషాలు విని తీసేసింది. “ఏంది మామా, బ్యాటరీ అయిపోయిన బొమ్మ మాదిరి వాయిస్తా ఉండారే” అంది. నవ్వొచ్చింది. కానీ ఇదే పిల్ల రోజూ తెల్లారకముందే లేచి, శ్రుతి పెట్టుకుని, మంద్ర స్థాయిలో, అంటే కింది స్వరాల్లో, ఒక్క స్వరాన్ని పట్టుకుని పావుగంట కూర్చుంటుంది. ఆమెకు చౌక కాలం, అంటే నిదానం, కొత్త కాదు. ఆ నిదానం నల్ల చొక్కా వేసుకుని, గిటార్ తగిలించుకుని వచ్చేసరికి గుర్తుపట్టలేకపోయింది, అంతే.

ఇది ఆమె కోసం రాసుకున్నది. మీరూ డూమ్ మెటల్ (గరుకు గిటార్లతో బరువుగా, నిదానంగా సాగే రాక్ సంగీతం) ఒకటి రెండుసార్లు విని “ఇదేం సాగదీతరా” అని పక్కన పెట్టినవాళ్ళయితే మీకూ పనికొస్తుంది. ఒకటే ఆల్బమ్ తీసుకుందాం. స్వీడన్‌లోని స్టాక్‌హోం నుంచి వచ్చిన క్యాండిల్‌మాస్ అనే బ్యాండు 2019 ఫిబ్రవరిలో విడుదల చేసిన ‘ద డోర్ టు డూమ్’. ఎనిమిది పాటలు, ముప్పావు గంట పైచిలుకు. 1984లో మొదలైన బ్యాండు ఇది. అంటే ఈ ఆల్బమ్ చేసేనాటికి వాళ్ళకు ముప్పై అయిదేళ్ళ వాయిద్యం చేతుల్లో ఉంది. ఆ వయసే దీని బలం అని నేనంటాను. ఎలాగో వింటూ తేల్చుకోండి.

1. ముందు చెవుల సంగతి చూడండి

ఫోన్ స్పీకర్‌లో వినొద్దు. డూమ్‌లో సగం సరుకు కింది స్వరాల్లోనే ఉంటుంది. ఫోన్ స్పీకర్ దాన్ని పలకలేదు, మీకు మిగిలేది బొంగురు గొంతు, డ్రమ్ముల పక్కనుండే కంచు తాళాల గలగల మాత్రమే. నేను మొదట్లో గాంధీ రోడ్డు సందులో ఒక కొట్టులో నూట యాభైకి ఇయర్‌ఫోన్ కొన్నాను, పెట్టె మీద ‘ఎక్స్‌ట్రా బాస్’ అని రాసుంది. బాస్ అయితే ఉంది. బాస్ గిటార్, గిటార్, కింది డ్రమ్ము మూడూ కలిసి రుబ్బురోట్లో పిండిలా అయిపోయాయి. నెల రోజులు ఈ సంగీతమే ఇంతేమో అనుకున్నాను. కాబట్టి మామూలు రకమైనా సరే, చెవి మీద సరిగ్గా కూర్చునే హెడ్‌ఫోన్ చూసుకోండి. ఫోన్‌లో ఈక్వలైజర్ తీసేయండి, బాస్ బూస్ట్ అసలే వద్దు. ధ్వని సగానికి కాస్త పైన చాలు. ఈ ఆల్బమ్‌ను ఇప్పటి పద్ధతిలో నిండుగా, గట్టిగా రికార్డు చేశారు, దాన్ని మీరు మళ్ళీ పెంచక్కర్లేదు.

ఎక్కడ వినాలన్నది కూడా ఇందులో భాగమే. చిత్తూరు బస్సెక్కి చంద్రగిరి దాటేలోపు పెట్టుకుందాం అనుకుంటారేమో, ఇంజను మోత సరిగ్గా బాస్ గిటార్ ఉండే చోటే కూర్చుంటుంది, రెండూ కలిసిపోతాయి. అలిపిరి మెట్ల మీద మాత్రం వద్దు. చుట్టూ గోవింద నామాలు వినిపిస్తుంటే చెవిలో ఈ ఆల్బమ్‌లోని ‘హౌస్ ఆఫ్ డూమ్’ పాట పెట్టుకుని నడవడం నాకైతే మనసొప్పదు, మీకూ ఒప్పదు. రాత్రి తొమ్మిది తర్వాత మిద్దె మీద మంచిది. కార్తీకంలో వాన పట్టిన రోజైతే ఇంకా మంచిది. మే నెల మధ్యాహ్నం తిరుపతి ఎండలో మాత్రం దీన్ని వింటే పాటలోని బాధ ఏదో మన బాధ ఏదో తెలియదు.

2. మూడు స్వరాలు వాయించి చూడండి

ఈ అడుగు దాటేయొద్దు. పది నిమిషాల పని. ఇంట్లో హార్మోనియమో, కీబోర్డో, లేకపోతే ఫోన్‌లో పియానో యాప్ ఒకటో ఉంటే చాలు.

ఏదో ఒక తెల్ల మెట్టును షడ్జంగా, అంటే ‘స’గా, పెట్టుకోండి, సి మెట్టు అనుకుందాం. ముందు షడ్జం, తర్వాత పై షడ్జం, తర్వాత ప్రతి మధ్యమం, అంటే ఎఫ్ పక్కనున్న నల్ల మెట్టు. ఈ మూడింటినీ నిదానంగా, ఒక్కోదాన్ని నాలుగేసి లెక్కలు నిలిపి వాయించండి. చివరిదాని మీద ఆగిపోండి. ఒళ్ళు కాస్త జలదరించాలి. 1970 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కుర్రాళ్ళు బ్లాక్ సబ్బాత్ తమ మొదటి ఆల్బమ్‌ను తెరిచింది ఈ మూడు స్వరాల వరసతోనే. డూమ్ మెటల్ అంతా ఆ వాకిట్లోంచి వచ్చిందే.

భయం ఎక్కణ్ణుంచి వచ్చింది? స్థాయిలో పన్నెండు మెట్లుంటే ప్రతి మధ్యమం సరిగ్గా ఆరో మెట్టు ఎక్కాక వస్తుంది. కింది షడ్జానికీ పై షడ్జానికీ నట్టనడుమ. ఏ ఇంటికీ దగ్గర కాదు. కల్యాణి రాగంలో ఇదే స్వరం ఎంత అందంగా ఉంటుందో మీకు తెలుసు, ఎందుకంటే అక్కడ పక్కనే పంచమం (‘ప’, జి మెట్టు) చెయ్యి పట్టుకుంటుంది. ఇక్కడ పంచమం దగ్గరికి చేర్చకుండా మధ్య దారిలో నిలబెట్టేస్తారు. మా మేనకోడలికి ఇది చేసి చూపించినప్పుడు తనంతట తానే పంచమం నొక్కేసింది, ఆగలేక. ఆ ఆగలేకపోవడం మీదే ఈ సంగీతం నడుస్తుంది.

ఇంకొకటి. ఇప్పుడు షడ్జం, పంచమం రెండూ కలిపి ఒకేసారి నొక్కండి. మెటల్ గిటార్ వాళ్ళు పవర్ కార్డ్ అనేది ఇదే. తంబుర తీగల్లో ఉండేదీ ఇవే కదా, పంచమం, షడ్జాలు. రెండింట్లోనూ గాంధారం, అంటే ‘గ’, లేదు. గాంధారమే కదా సంతోషమో దిగులో తేల్చేది. అది లేకపోతే స్వరం ఏ భావమూ చెప్పకుండా రాయిలా బరువుగా నిలబడుతుంది. ఆ రాయిని మంద్ర స్థాయికి దింపి, ధ్వనిని చీల్చే ఒక పెట్టె గుండా పంపిస్తే డూమ్ గిటార్ అవుతుంది. మన తంబుర జుంయ్‌మనడానికి జీవాళి దారం పెడతాం చూడండి, తీగకు గరుకు తెచ్చే పనిలో ఆ పెట్టె దానికి దూరపు చుట్టం.

3. తొడ మీద ఆది తాళం వేయండి

మొదటిసారి ఆల్బమ్ పెట్టినప్పుడు పాటల్ని అర్థం చేసుకోవాలని ప్రయత్నించొద్దు. పదాలు వదిలేయండి. గొంతు కూడా వదిలేయండి. డ్రమ్ము వైపు మాత్రమే చెవి పెట్టి ఆది తాళం వేస్తూ పోండి. చాలా భాగం నాలుగు లెక్కల్లోనే నడుస్తుంది కాబట్టి లఘువు, రెండు ద్రుతాలు సరిపోతాయి.

నిదానమైన చోట్ల, ‘అండర్ ది ఓషన్’, ‘డెత్స్ వీల్’ లాంటివి పెట్టినప్పుడు, మీ చెయ్యి ముందుకు పరిగెడుతుంది. అందరికీ పరిగెడుతుంది. దెబ్బకీ దెబ్బకీ నడుమ ఏదో ఒకటి వేసి నింపాలనిపిస్తుంది. డ్రమ్మర్ యాన్ లిండ్ నింపడు. ఆ ఖాళీలో గిటార్ మోత మెల్లగా కరుగుతూ ఉంటుంది, అది పూర్తిగా కరగక ముందే తర్వాతి దెబ్బ పడుతుంది. చౌక కాలంలో కృతి పాడేవాళ్ళకు ఈ కష్టం బాగా తెలుసు. వేగంగా పాడేటప్పుడు తప్పు దాక్కుంటుంది, చౌకంలో ఎక్కడా దాక్కోలేదు. మా మేనకోడలి టీచరు అనే మాట ఇదే.

మెట్లు ఎక్కేవాళ్ళను చూడండి. కుర్రాళ్ళు అలిపిరిలో పరిగెత్తుకుంటూ మొదలుపెట్టి గాలిగోపురం దగ్గర మజ్జిగ తాగుతూ కూలబడతారు. పల్లెటూళ్ళ నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూనే మూడు వేల అయిదు వందల యాభై మెట్లూ ఆగకుండా ఎక్కేస్తారు. క్యాండిల్‌మాస్ ఈ ఆల్బమ్‌లో ఆ పెద్దవాళ్ళ నడక నడుస్తుంది. తొందర లేదు. అలాగని బలహీనం కాదు. ఇరవై ఏళ్ళ వయసులో ఎవరైనా ఎంత నిదానంగా వాయించినా ఎక్కడో ఒకచోట ఉండబట్టలేనితనం బయటపడుతుంది, ఇక్కడ నాకు ఎక్కడా కనబడలేదు.

మొదటి పాట ‘స్ప్లెండర్ డీమన్ మెజెస్టీ’ మాత్రం కాస్త ఉరుకుతుంది. అది విని ఇదేం డూమ్ అనుకోకండి. గుర్రం ముందు కాస్త పరుగెత్తి, తర్వాత బండికి కట్టించుకుంటుంది.

4. ఇప్పుడు గొంతు విషయం

ఇక్కడ కాసేపు కూర్చోవాలి. ఈ ఆల్బమ్‌కు ఉన్న పెద్ద కథ ఇదే.

1986లో క్యాండిల్‌మాస్ మొదటి ఆల్బమ్ ‘ఎపికస్ డూమికస్ మెటాలికస్’ వచ్చింది. ఆరే పాటలు. డూమ్‌లో ‘ఎపిక్ డూమ్’ అనే శాఖకు పేరు పెట్టినంత పని చేసింది. అందులో పాడింది యోహాన్ లెంగ్‌క్విస్ట్. కానీ ఆయన బ్యాండు మనిషి కాదు, పాడిపెట్టడానికి వచ్చిన గాయకుడు. పాడి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత 1987లో ‘నైట్‌ఫాల్’ నాటికి మెస్సయా మార్కోలిన్ అనే భారీ గొంతు వచ్చింది, ఒపెరా గాయకుల్లా స్వరాన్ని కంపించే గొంతు. చాలామందికి క్యాండిల్‌మాస్ అంటే ఆయనే. తర్వాత మనుషులు మారుతూ వచ్చారు, రాబర్ట్ లో, మాట్స్ లెవేన్. బ్యాండు కట్టిన బాసిస్టు, పాటలు రాసే లీఫ్ ఎడ్లింగ్ ఒళ్ళు సహకరించక, తీరని అలసట జబ్బుతో, కొన్నేళ్ళు వేదికలకు దూరమయ్యాడు. 2012లో ‘సామ్స్ ఫర్ ది డెడ్’ వచ్చాక ఏడేళ్ళు పూర్తి ఆల్బమే లేదు. అలాంటప్పుడు, 2018లో, లెంగ్‌క్విస్ట్ తిరిగొచ్చాడు. ముప్పై రెండేళ్ళ తర్వాత, ఈసారి అతిథిగా కాదు, ఇంటి మనిషిగా.

మన ఊళ్ళో దీన్ని ఎలా చెప్పాలి? పెళ్ళిలో ఒక్క పూట నాదస్వరం వాయించి వెళ్ళిన మనిషి, ఆ పూట వాయింపు ఊరంతా తరాలుగా చెప్పుకుంటూ ఉంటే, మనవడి పెళ్ళికి మళ్ళీ వచ్చి పందిట్లో కూర్చున్నట్టు.

సరే, చేయవలసింది. ముందు 1986 ఆల్బమ్‌లోని మొదటి పాట ‘సాలిట్యూడ్’ ఒకసారి వినండి. వెంటనే ‘ద డోర్ టు డూమ్’లో రెండో పాట పెట్టండి. కుర్ర గొంతు ఎక్కడ పైకి లేచేదో, ముదిరిన గొంతు అక్కడ గరుకుగా నొక్కి పడుతుంది. పై స్థాయికి పోవడం తగ్గింది, పదాన్ని కొరికి పలకడం పెరిగింది. నాకైతే ఈ ముదురు గొంతే నచ్చింది. ‘సాలిట్యూడ్’ పదాలు చాలా చీకటివి, ఒక మాట ముందే చెబుతున్నాను, మనసు బాగాలేని రాత్రి దాన్ని పక్కన పెట్టండి, ఇంకో రోజు వినొచ్చు.

దీనికి ఇంకా మంచి పరీక్ష ఒకటుంది. ‘హౌస్ ఆఫ్ డూమ్’ అనే పాట ఈ ఆల్బమ్‌కు ముందే, 2018లో ఒక చిన్న ఈపీగా (కొద్ది పాటల రికార్డుగా) వచ్చింది. ఒక ఆన్‌లైన్ స్లాట్ గేమ్ (జూదం ఆట) కోసం చేసిన పాట అది, వినడానికి వింతగా ఉన్నా నిజం. అందులో పాడింది మాట్స్ లెవేన్. ఆల్బమ్‌లో అదే పాటను లెంగ్‌క్విస్ట్ పాడాడు. రెండూ వరసగా వినండి. ఒకే కృతిని ఇద్దరు విద్వాంసులు పాడితే విని పోల్చడం మనకు అలవాటే కదా. లెవేన్ గొంతు నున్నగా, ఎక్కడికి కావాలంటే అక్కడికి పోతుంది. లెంగ్‌క్విస్ట్ గొంతు అన్ని చోట్లకూ పోదు, పోయిన చోట దిగబడుతుంది. ఈ తేడా మీ చెవికి పట్టిందంటే ఆల్బమ్ సగం మీది అయినట్టే.

అరుపులు, గర్జనలు ఉంటాయేమో అని భయపడేవాళ్ళకు: లేవు. అంతా పాటే.

5. మూడో పాటలో అతిథి కోసం కాచుకోండి

‘అస్టోరోలస్, ద గ్రేట్ ఆక్టోపస్’. పేరు చూసి నవ్వు ఆపుకోండి. నేను ఆపుకోలేకపోయాను, ఇప్పటికీ. కానీ పాట నడుమ వచ్చే గిటార్ సోలో, అంటే ఒక్కరే ముందుకొచ్చి వాయించే భాగం, వాయించింది టోనీ అయోమీ. రెండో అడుగులో మీరు వాయించిన మూడు స్వరాల బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు ఆయనే.

ఆయన వేళ్ళ కథ తెలిస్తే ఈ సోలో వేరేగా వినబడుతుంది. బర్మింగ్‌హామ్‌లో ఇనపరేకుల ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు, పదిహేడేళ్ళ వయసులో, కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు మెషీన్‌లో తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ కుడిచెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు, మీద తోలు అంటించుకున్నాడు. తీగలు సన్నవి వేసుకున్నాడు, తర్వాతి రోజుల్లో శ్రుతిని మూడు మెట్లు కిందికి దించాడు, వదులైన తీగ నొక్కడం తేలిక కదా. అలా దిగిన శ్రుతిలో వచ్చిన బరువునే తర్వాతి డూమ్ బ్యాండ్లన్నీ సంపాదించుకోవాలని చూశాయి.

ఈ పాట వినేటప్పుడు చేయాల్సింది ఒకటే. మొదట బ్యాండు లీడ్ గిటారిస్టు లార్స్ యోహాన్సన్ ఇతర పాటల్లో వాయించిన సోలోలు రెండు మూడు వినండి. వేగంగా, శుభ్రంగా, ఎక్కడా జారని వేళ్ళు. తర్వాత ఇందులో అయోమీ సోలో పెట్టండి. స్వరాలు తక్కువ. ఒక్కో స్వరాన్ని లాగి, వంచి, దాని మీద ఉండిపోవడం ఎక్కువ, గమకం లాగా. రెండింట్లో ఏది గొప్పని అడగొద్దు, ఒకే ఇంట్లో ఈ రెండూ పట్టడం చూడండి. వెనక రిథం గిటార్ మాట్స్ బ్యోర్క్‌మన్ ఇద్దరి కిందా ఒకే బరువు పరుస్తూ పోతాడు, ఆయన గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, మృదంగం పక్కన ఘటం వాయించేవాళ్ళ గతే.

ఈ పాటకు గ్రామీ అవార్డుల్లో మెటల్ విభాగంలో నామినేషన్ వచ్చింది. 2020 జనవరిలో అవార్డు టూల్ అనే అమెరికన్ బ్యాండుకు పోయింది.

6. నాలుగో పాట దగ్గర హెడ్‌ఫోన్ తీయకండి

‘బ్రిడ్జ్ ఆఫ్ ది బ్లైండ్’ నిదానమైన, మెత్తని పాట. గరుకు గిటార్లు పక్కకు తప్పుకుంటాయి. చాలామంది ఇక్కడ ఫోన్ చూసుకుంటారు, కాఫీకి లేస్తారు. అలా చేస్తే అయిదో పాట ‘డెత్స్ వీల్’ బరువు మీకు సగమే తెలుస్తుంది. గుళ్ళో గంట ఆగాక కాసేపు చెవిలో మిగిలే నిశ్శబ్దం లాంటిది ఈ పాట, దాని మీద పడబోయే దెబ్బకు చోటు చేసిపెడుతుంది. ఆల్బమ్‌ను షఫుల్‌లో పెట్టొద్దని చెప్పడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. వరసగా వినండి.

7. అన్నీ మెచ్చుకోనక్కర్లేదు

‘బ్లాక్ ట్రినిటీ’ నాకు ఇప్పటికీ గుర్తుండదు. నాలుగైదుసార్లు విన్నాక కూడా అదే. మంచి వాయింపే, కానీ ఇదే బ్యాండు పాత పాటల్లో ఎక్కడో విన్నట్టుంటుంది. పాట పదాలన్నీ దయ్యాలు, సముద్రాలు, నల్ల వృత్తాలు. గొప్ప కవిత్వం కోసం వెతికితే దొరకదు. నాటకాల్లో యముడి వేషం వేసినాయన మీసం తిప్పినట్టు ఒక వేషంలా తీసుకోండి, సరదాగా ఉంటుంది. బరువుండేది పదాల్లో కాదు, స్వరానికీ స్వరానికీ నడుమ.

అందుకే నచ్చని పాట దాటేయడంలో తప్పేమీ లేదు, కానీ మూడోసారి విన్న తర్వాతే దాటేయండి. చివరి పాట ‘ది ఒమెగా సర్కిల్’ నాకు మొదటి రెండుసార్లూ పట్టలేదు. మూడోసారి వాన రాత్రి పట్టింది.

8. ఎన్నాళ్ళు, తర్వాతేంటి

రోజూ వద్దు. వారానికి రెండుసార్లు, మూడు వారాలు. మొదటి వారం తాళం, రెండో వారం గొంతు, మూడో వారం గిటార్లు. ఒక్కోసారి ఒక్కదాన్నే పట్టుకోండి. మూడు వారాల తర్వాత 1986 ఆల్బమ్ మొత్తం వినండి, ఇప్పుడది వేరేగా ఉంటుంది. ఆ పైన ఇదే గాయకుడితో 2022లో వచ్చిన ‘స్వీట్ ఈవిల్ సన్’ ఉంది.

మా మేనకోడలు ఇంకా రెండో వారంలోనే ఉంది. మొన్న ఫోన్ చేసి, “మామా, ఆ ముసలాయన మంద్రంలో శ్రుతి తప్పడు, చూస్తివా” అంది. పాట పేరు అడిగితే చెప్పలేకపోయింది. ఆక్టోపస్ పాటేనట.

ఇంకొక్క సంగతి. వాన రాత్రి వినే పనైతే, పెట్టుకునే ముందే మిద్దె మీద ఆరేసిన బట్టలు తీసి లోపల వేయండి. ఎనిమిదో పాట నడుమ లేచి పరిగెత్తాల్సి వస్తే మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలి.